బాధకు అర్థం చెప్పే హక్కు ఎవరిది? క్రైస్తవ విశ్వాసంలో శ్రమ, విలాపం, ఆదరణ



మనిషి బాధ ఎందుకు పడాలన్న ప్రశ్న అన్ని మతాలకూ ఉన్నదే అయినా, క్రైస్తవ మతానికి అది పుట్టుకతోనే వచ్చిన ప్రశ్న. ఆ మతానికి గుర్తుగా నిలిచిన సిలువ, రోమా సామ్రాజ్యం బానిసలనూ తిరుగుబాటుదారులనూ నలుగురి ఎదుట హింసించి చంపడానికి వాడిన మరణశిక్షా సాధనం కావడమే అందుకు కారణం. తెలుగు సంఘాల్లో శుభ శుక్రవారం నాడు జరిగే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఒక్కో ప్రసంగీకుడు ఒక్కో మాట చొప్పున వివరించడం ఆనవాయితీ. ఆ ఏడింటిలో నాలుగోది ప్రశ్న. దేవుడు తనను ఎందుకు విడిచిపెట్టాడని యేసు పెద్ద కేక వేసి అడిగినట్లు మత్తయి, మార్కు సువార్తలు నమోదు చేశాయి గానీ, ఆ ప్రశ్నకు ఆకాశం నుంచి జవాబు వచ్చినట్లు ఏ సువార్తా చెప్పలేదు.

క్రైస్తవ పరిభాషలో శ్రమ అంటే కష్టం, వేదన, హింస అన్నీ కలిసిన స్థితి. ఆ స్థితికి ఈ విశ్వాసం ఇచ్చే అర్థం ఏమిటో ఆలోచించేటప్పుడు రెండు పొరపాట్లు సాధారణంగా ఎదురవుతాయి. మొదటిది, ప్రతి బాధ వెనుకా ఒక పాపమో ఒక దైవ ప్రణాళికో ఉందని, దాన్ని పక్కవారు చదివి చెప్పగలరని అనుకోవడం. రెండోది, బాధ తనంతట తానే పవిత్రమైనదని పొగడడం. బైబిలు గ్రంథాన్నీ, ఆ విశ్వాసంతో రోగుల మధ్య పనిచేసినవారి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండూ నిలబడవు. క్రైస్తవ విశ్వాసంలో బాధకు అర్థం ముందుగా రాసిపెట్టిన వివరణగా దొరకదు. బాధలో తోడు నిలిచిన దేవుడి దగ్గర, ఆ బాధ తరువాత చేతికి వచ్చిన పనిలో, బాధపడినవారే దాన్ని కాలక్రమంలో కనుగొంటారు. అందువల్ల ఆ అర్థాన్ని పలికే హక్కు కూడా వారిదే అవుతుంది.

ఈ విషయాన్ని అన్నిటికంటే స్పష్టంగా చర్చించిన గ్రంథం పాత నిబంధనలోని యోబు గ్రంథం. ఊజు దేశంలో నీతిమంతుడిగా పేరుపొందిన యోబు తన పిల్లలనూ పశుసంపదనూ ఆరోగ్యాన్నీ వరుసగా పోగొట్టుకుని, బూడిదలో కూర్చుని, ఒళ్లంతా లేచిన కురుపులను చిల్లపెంకుతో గోక్కుంటూ ఉంటాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చి, అతని వేదన ఎంత పెద్దదో చూసి, ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటైనా అనకుండా అతనితోపాటు నేలమీద కూర్చుంటారు. ఆ ఏడు రోజులూ వారు మంచి స్నేహితులుగానే ఉన్నారు. నోరు విప్పిన తరువాత మాత్రం దేవుడి పక్షాన వకాల్తా పుచ్చుకుని, నీతిమంతుడికి కష్టం రాదు గనుక యోబు ఏదో దోషం చేసే ఉంటాడని నిరూపించడానికి పూనుకుంటారు. మంచికి మంచి, చెడుకు చెడు తప్పక లెక్కగా తిరిగివస్తాయనే ఈ వాదాన్ని వేదాంత పండితులు ప్రతిఫల సిద్ధాంతం అంటారు.

యోబు ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోడు. తాను పుట్టిన రోజును శపిస్తాడు, దేవుడినే వ్యాజ్యానికి పిలుస్తాడు, తన కేసు విని తీర్పు చెప్పమని పట్టుబడతాడు. చివరికి దేవుడు సుడిగాలిలోనుంచి మాట్లాడినప్పుడు సృష్టి విస్తారాన్ని గురించి అడుగుతాడే తప్ప, యోబుకు కష్టాలు ఎందుకు వచ్చాయో ఒక్క వాక్యంలోనైనా చెప్పడు. గ్రంథం మొదటి అధ్యాయాల్లో పాఠకుడికి తెలిసిన పరలోక సంభాషణ యోబుకు చివరిదాకా తెలియదు. అయినా 42వ అధ్యాయంలో దేవుడు ఇచ్చిన తీర్పు గమనించదగినది. తన తరఫున వాదించిన ముగ్గురు స్నేహితులు తనను గురించి సరిగా మాట్లాడలేదని, తనతో వాదులాడిన యోబే సరిగా మాట్లాడాడని ఆయన అంటాడు. దేవుడిని సమర్థించడం కోసం బాధితుడి మీద నింద మోపడం దేవుడికే సమ్మతం కాదని దీని భావం.

యోబు చేసినదానికి బైబిలు పండితులు విలాపం అని పేరు పెట్టారు. విలాపం అంటే కేవలం ఏడుపు కాదు. దేవుడిని నమ్ముతూనే, ఆయన ముఖం మీదే ఆయనకు ఫిర్యాదు చేసుకునే ప్రార్థన. బైబిలులోని 150 కీర్తనల్లో విలాప కీర్తనల వర్గమే పెద్దది. వాటిలో చాలావరకు చివరికి స్తుతితో ముగిసినా, 88వ కీర్తన మాత్రం చీకటి ప్రస్తావనతోనే ఆగిపోతుంది. ఆ కీర్తనను గ్రంథంలోనుంచి తీసివేయకుండా తరతరాలుగా దేవాలయంలోనూ సంఘంలోనూ చదివించిన సంప్రదాయం, ఊరట కలగని మనిషికి కూడా ఆరాధనలో చోటు ఉందని ఒప్పుకున్నట్లే. సిలువ మీద యేసు అడిగిన ప్రశ్న సైతం 22వ కీర్తన మొదటి మాటే గనుక, ఆయన కూడా ఆ విలాప సంప్రదాయంలో నిలబడే ప్రాణం విడిచాడని చెప్పాలి.

సువార్తల్లో యేసు ప్రతిఫల సిద్ధాంతాన్ని కనీసం రెండుసార్లు నేరుగా తోసిపుచ్చాడు. పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం చేసింది ఇతనా ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగినప్పుడు ఇద్దరూ కాదని జవాబిచ్చినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయం చెబుతుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంఘటనను ఆయనే ప్రస్తావించి, వారు యెరూషలేములోని మిగతావారికంటే ఎక్కువ పాపులని అనుకోవద్దని హెచ్చరించినట్లు లూకా సువార్త 13వ అధ్యాయం చెబుతుంది. గుడ్డివాడి విషయంలో యేసు కారణాన్ని వెతకడం ఆపి, ఉమ్మితో మట్టి కలిపి అతని కన్నుల మీద పూశాడు. శిష్యుల చూపు గతం మీద ఉండగా ఆయన చూపు ఇక చేయవలసిన పని మీద ఉంది.

గెత్సేమనే తోటలో ఆ గిన్నెను తననుంచి తొలగించమని యేసు ప్రార్థించిన సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసినది. యూదుల వాడుకలో గిన్నె అంటే మనిషికి పాలుగా వచ్చే శ్రమ. దాన్ని తప్పించమని దేవుడి కుమారుడే అడిగి ఉండగా, నొప్పి తగ్గాలని కోరుకునే రోగిని, కష్టం గట్టెక్కాలని కన్నీళ్లతో అడిగే తల్లిని అవిశ్వాసులని అనడానికి ఎవరికీ అధికారం లేదు. అలాగే అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని, అది తొలగిపోవాలని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పుకున్నాడు. ఆ ముల్లు ఏ వ్యాధో ఏ శత్రుత్వమో ఆయన రాయలేదు. అది తొలగలేదని, దానికి బదులు కృప చాలునన్న హామీ దొరికిందని మాత్రం రాశాడు. విశ్వాసం తక్కువై రోగం నయం కాలేదనే మాటకు పౌలు జీవితమే సూటి సమాధానం.

బాధ తనంతట తానే మంచిదా అనే రెండో ప్రశ్నకు పుస్తకాలకంటే ఆసుపత్రులే తేటగా జవాబు చెబుతాయి. ఆ జవాబులో కొంత భాగం తెలుగువారికి బాగా తెలిసిన వెల్లూరులోనే తయారైంది. అమెరికా మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల పెరిగి పెద్దదై వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలగా రూపొందింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోనే ఉండడంవల్ల రాయలసీమ నుంచి, ఆ పై జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు వెళ్లే ఆసుపత్రి అది. కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రుల దగ్గర బాల్యం గడిపి, ఇంగ్లండులో శస్త్రచికిత్స నేర్చుకున్న డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో అక్కడికి వచ్చారు. ఆ మరుసటి ఏడాది చెంగల్పట్టులోని కుష్ఠు వ్యాధి ఆశ్రమానికి వెళ్లినప్పుడు, వేళ్లు లోపలికి ముడుచుకుపోయిన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నారు. పట్టు బలహీనంగా ఉంటుందని ఊహించిన ఆయనకు గోళ్లు తన చేతిలో దిగబడి నొప్పి పుట్టింది. చచ్చుబడిందని లోకం వదిలేసిన చేతిలో మంచి కండలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయని, తన బలం తనకే తెలియనంతగా ఆ చేతికి స్పర్శ పోయిందని ఆయన గ్రహించారు.

కుష్ఠు వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే గుర్తించినా, ఆ వ్యాధిలో వేళ్లు, కాళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయనే నమ్మకం వైద్యుల్లో కూడా చాలాకాలం నిలిచింది. ఆ సూక్ష్మజీవి ప్రధానంగా చర్మాన్నీ, చేతులకూ కాళ్లకూ ముఖానికీ వెళ్లే నరాలనూ దెబ్బతీస్తుంది. నరం దెబ్బతింటే నొప్పి తెలియదు. నొప్పి తెలియనివారు కాలే గిన్నెను ఒట్టి చేత్తో దించుతారు, మేకు గుచ్చుకున్న కాలితోనే మైళ్లకొద్దీ నడుస్తారు, రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మేలుకోరు. బ్రాండ్ తన రచనల్లో చెప్పిన ఒక సంఘటన ఇది. తుప్పుపట్టిన తాళం ఒకటి తిరగక తాను ఇబ్బందిపడుతుండగా, ఆ వ్యాధి ఉన్న ఒక బక్క పిల్లవాడు వచ్చి తాళంచెవిని ఒక్క తిప్పుతో తిప్పేశాడు. అంత బలం ఎలా వచ్చిందా అని చూస్తే నేలమీద రక్తం చుక్క కనిపించింది. పిల్లవాడి వేలు ఎముక కనిపించేంతగా తెగి ఉంది, ఆ సంగతి వాడికి తెలియనే లేదు. ఇటువంటి గాయాలను ఒక్కొక్కటిగా గమనించిన తరువాతే, వేళ్లను తినేస్తున్నది నేరుగా వ్యాధి కాదని, నొప్పి లేకపోవడమేనని బ్రాండ్ బృందం నిరూపించగలిగింది.

ఆ అవగాహన చికిత్సను మార్చింది. కండను ఎముకకు కలిపే పట్టీని స్నాయువు అంటారు. మంచి కండ తాలూకు స్నాయువును చచ్చుబడిన వేలికి మళ్లించి కుట్టే శస్త్రచికిత్సలు వెల్లూరులో మొదలై, ముడుచుకున్న చేతులు తెరుచుకుని మళ్లీ అన్నం కలుపుకోగలిగాయి, పనిముట్టు పట్టుకోగలిగాయి. తరువాతి కాలంలో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో పనిచేసినప్పుడు, స్పర్శ పోయిన చేతులకు కృత్రిమమైన నొప్పిని అమర్చే ప్రయత్నం కూడా బ్రాండ్ బృందం చేసింది. ఒత్తిడి ఎక్కువైతే మొదట చప్పుడుతోనూ, రోగులు దాన్ని లెక్కచేయకపోవడంతో తరువాత విద్యుత్ ఘాతంతోనూ హెచ్చరించే పరికరాన్ని తయారుచేశారు. రోగులు చేయదలచిన పనికి అది అడ్డుగా అనిపించినప్పుడల్లా దాన్ని ఆపివేసి, పని పూర్తిచేసి, మళ్లీ పెట్టుకునేవారు. ఆపడానికి వీలున్న నొప్పి మనిషిని కాపాడలేదని తేలి ఆ పథకం విరమించవలసి వచ్చింది. భక్తిపరుడైన బ్రాండ్ ఈ అనుభవాలనుంచే, నొప్పి అనే ఏర్పాటు సృష్టికర్త ఇచ్చిన వరమని, అయితే ఎవరూ కోరుకోని వరమని చెప్పడానికి సాహసించారు.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది, దాన్ని దాటకూడదు. హెచ్చరించి కాపాడే నొప్పిని గురించి చెప్పిన మాటను, హెచ్చరించడానికి ఇక ఏమీ మిగలని నొప్పికి వర్తింపజేయలేము. ఎముకల్లోకి పాకిన క్యాన్సరు నొప్పి ఎవరినీ కాపాడదు. పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంటి వేదన ఏ ప్రమాదాన్నీ సూచించదు. శరీర నిర్మాణంలో నొప్పికి ఒక ప్రయోజనం ఉందని చెప్పడం వేరు, ఒక మనిషి మీద వచ్చిపడిన ప్రతి బాధకూ ప్రయోజనం ఉందని చెప్పడం వేరు. మొదటిది వైద్యశాస్త్రం నిరూపించగల విషయం. రెండోది నిరూపించడానికి ఎవరు పూనుకున్నా యోబు స్నేహితుల పక్కన కూర్చోవలసిందే.

కుష్ఠు వ్యాధి చరిత్రలోనే ఇంకొక రకం బాధ కనిపిస్తుంది, అది మనుషులు మనుషులకు కలిగించినది. లేవీయకాండము 13వ అధ్యాయం కొన్ని చర్మ వ్యాధులున్నవారిని పాళెము వెలుపల ఒంటరిగా ఉండమని శాసించింది. అక్కడ చెప్పిన వ్యాధి నేటి కుష్ఠు వ్యాధేనని పండితులు ఒప్పుకోకపోయినా, ఆ పేరుతో వెలివేయడం శతాబ్దాల పాటు సాగింది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు అటువంటి రోగిని మాటతో స్వస్థపరచి ఊరుకోకుండా చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఆ స్పర్శనే ఆదర్శంగా తీసుకున్న స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఆసుపత్రి ప్రారంభించగా, హిందువైన స్థానిక దాత నర్సాగౌడ్ దానికి విరాళం ఇచ్చారు. బాధ తీర్చే పని దగ్గర మతాల మధ్య హద్దులు అడ్డురాలేదని ఆ ఆసుపత్రి చరిత్ర చూపుతుంది.

భారతదేశంలో 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో గానీ రద్దు కాలేదు. జీవిత భాగస్వామికి ఈ వ్యాధి ఉండడాన్ని విడాకులకు కారణంగా చూపే నిబంధనలు 2019లో గానీ తొలగిపోలేదు. మందులతో పూర్తిగా నయమయ్యే రోజులు వచ్చిన చాలాకాలానికి కూడా వెలి మిగిలిపోయింది. ఈ రకం బాధలో అర్థం వెతుక్కోమని బాధితులకు చెప్పడం అన్యాయం, దాన్ని ఆపవలసిన బాధ్యత కలిగించినవారిదే. అంటరానితనం అవమానాలను జీవితమంతా చవిచూసిన గుర్రం జాషువా 1941 నాటి గబ్బిలం కావ్యంలో తన గోడును గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథుడికి పంపించారు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ కవి, తనకు జరిగినదాన్ని దైవ నిర్ణయమని తలవంచి అంగీకరించక, దేవుడి ముందు ఫిర్యాదుగా నిలబెట్టారు. బైబిలు పరిభాషలో చెప్పాలంటే అది విలాపమే, దానికి తెలుగు సాహిత్యం ఇచ్చిన రూపం సాటిలేనిది.

నయం కాని బాధ, ఎవరూ కావాలని కలిగించని బాధ మిగిలే ఉంటుంది. దాని విషయంలో విశ్వాసం ఏం చేయగలదో చెప్పడానికి డాక్టర్ మేరీ వర్గీస్ జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కేరళ క్రైస్తవ కుటుంబంలో 1925లో పుట్టి, వెల్లూరులో వైద్యం చదివిన ఆమె 1954లో జరిగిన వాహన ప్రమాదంలో వెన్నుపాముకు దెబ్బ తగిలి నడుము కింది భాగమంతా చచ్చుబడి మంచానపడ్డారు. ముఖానికి కూడా తీవ్ర గాయాలయ్యాయి. యువ వైద్యురాలికి అది బతుకు ముగిసిపోయినట్లే అనిపించిన స్థితి. బ్రాండ్ ఆమెతో మాట్లాడినది ప్రమాదం ఎందుకు జరిగిందనే విషయం కాదు; కాళ్లు పనిచేయకపోయినా చేతులు పనిచేస్తున్నాయి గనుక, కూర్చుని చేయగల శస్త్రచికిత్సలు నేర్చుకోమని ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు వ్యాధిగ్రస్తుల చేతులకు శస్త్రచికిత్సలు చేయడం మొదలుపెట్టారు.

అక్కడ జరిగినదాన్ని దగ్గరగా చూడాలి. నొప్పి తెలియని చేతులున్న రోగులూ, కాళ్లలో స్పర్శ కోల్పోయిన వైద్యురాలూ ఎదురెదురుగా కూర్చున్నారు. తాము పోగొట్టుకున్నది ఏమిటో వివరించి చెప్పవలసిన అవసరం లేని వైద్యురాలు ఆ రోగులకు దొరికారు. తరువాత ఆమె ఆస్ట్రేలియాలోనూ న్యూయార్కులోనూ పునరావాస వైద్యంలో శిక్షణ పొందారు. పునరావాస వైద్యం అంటే గాయం మానిన తరువాత మిగిలిన శక్తితో మనిషి మళ్లీ ఇంట్లో, పనిలో, సమాజంలో నిలదొక్కుకునేలా తర్ఫీదు ఇచ్చే శాఖ. తిరిగివచ్చి వెల్లూరులో ఆ శాఖను నిర్మించారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడింది, 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి మన దేశంలో సరైన చికిత్స అరుదుగా ఉన్న రోజుల్లో ఆ కేంద్రం ఎందరినో మళ్లీ నిలబెట్టింది.

ఈ జీవితాన్ని చూసి, కేంద్రం రావడం కోసమే దేవుడు ఆ ప్రమాదం జరిపించాడని చెప్పాలనిపించడం సహజం. ఆ మాట బయటివారు అనకూడదు. ప్రమాదం చెడ్డదే, అది చెడ్డదిగానే మిగిలింది. ఆమె మళ్లీ ఎన్నడూ నడవలేదు. అర్థం ప్రమాదంలో దాగి ఉన్నది కాదు, ప్రమాదం తరువాత విశ్వాసంతో, పట్టుదలతో, తోటివారి సాయంతో కట్టుకున్నది. యోహాను సువార్త 20వ అధ్యాయంలో, మరణంనుంచి లేచిన యేసు తోమాకు తన చేతుల్లోని గాయాల గుర్తులు చూపించిన ఘట్టం ఉంది. పునరుత్థానం, అంటే మరణాన్ని జయించి తిరిగి లేవడం, ఆ గాయాలను చెరిపివేయలేదు. వాటికి ఇక చంపే శక్తి లేకుండా చేసి, ఆయనను గుర్తుపట్టే ఆనవాళ్లుగా మార్చింది. క్రైస్తవ విశ్వాసం బాధితులకు ఇచ్చే వాగ్దానం కూడా ఈ పోలికలోనిదే.

బాధకు అర్థం ఉందని నమ్మడం నొప్పిని తగ్గించే ప్రయత్నానికి అడ్డు కాకూడదని చెప్పడానికి ఇంకొక విశ్వాసి జీవితం సాక్ష్యం. ఇంగ్లండులో నర్సుగా, సామాజిక కార్యకర్తగా, ఆ తరువాత వైద్యురాలిగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. హాస్పిస్ అంటే నయం కాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారికి ఉపశమనం కలిగించే సేవాకేంద్రం. శరీరపు నొప్పి, మనసులోని భయం, కుటుంబం ఏమవుతుందన్న దిగులు, దేవుడి గురించిన సందేహం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఆమె గమనించి, ఆ మొత్తానికి సంపూర్ణ వేదన అని పేరు పెట్టారు. నొప్పి వచ్చిన తరువాత మందు ఇవ్వడం కాకుండా, నొప్పి రాకముందే వేళ ప్రకారం మార్ఫిన్ ఇచ్చే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. మన దేశంలో కూడా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, చికిత్స కోసం మార్ఫిన్ తెప్పించుకోవడాన్ని సులభం చేశారు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ప్రార్థన చేయలేడు, బిడ్డలతో మాట్లాడుకోలేడు. నొప్పి తగ్గించడం ఆ మనిషికి తన జీవితాన్ని గురించి ఆలోచించుకునే స్వేచ్ఛ తిరిగి ఇవ్వడం. ఆ లెక్కన ఔషధం ఇవ్వడం కూడా ఆత్మీయ సేవే.

వివరణకూ అనుభవానికీ మధ్య దూరం ఎంతో, ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ రాసిన రెండు పుస్తకాలు చూపుతాయి. 1940లో వచ్చిన ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్ అనే గ్రంథంలో ఆయన, ప్రేమగల దేవుడు బాధను ఎందుకు అనుమతిస్తాడో తర్కంతో వివరించారు. దేవుడి న్యాయాన్ని ఇలా సమర్థించే వాదనలను వేదాంతశాస్త్రంలో థియోడిసీ అంటారు. రెండు దశాబ్దాల తరువాత, 1960లో, ఆయన భార్య క్యాన్సరుతో మరణించారు. ఆ దుఃఖంలో రాసుకున్న పుటలు మరుసటి ఏడాది ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్ పేరుతో, రచయితగా వేరొకరి పేరు పెట్టి ప్రచురితమయ్యాయి. అందులో తర్కం చెల్లాచెదురవుతుంది, దేవుడి మౌనం మీద కోపం కనిపిస్తుంది, ఆ కోపం గుండానే విశ్వాసం మెల్లగా మరో రూపంలో తిరిగివస్తుంది. మొదటి పుస్తకం తప్పని కాదు. ఆలోచించేవారికి అది అవసరమే. కానీ పాడె లేచిన ఇంట్లో పనికివచ్చేది రెండోదే.

తెలుగు సంఘాలు నిత్యం చేసే కొన్ని పనులను ఈ వెలుగులో పరిశీలించుకోవలసి ఉంది. మరణం జరిగిన ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక ఎంతో మంచి సంప్రదాయం. ఇంటివారు ఒంటరిగా ఉండకుండా చేసే ఆ కూడికలో, చనిపోయినవారిని దేవుడు ఎందుకు తీసుకున్నాడో వివరించే ప్రసంగం కంటే, 88వ కీర్తన చదివి కాసేపు మౌనంగా కూర్చోవడం, ఆ ఇంటి పిల్లల ఫీజు సంగతి, పొలం పని సంగతి విచారించడం ఎక్కువ ఆదరణ కలిగిస్తాయి. ఏడ్చేవారితో కలిసి ఏడవమని పౌలు రోమీయులకు రాశాడు. వారికి ఉపన్యాసం ఇవ్వమని రాయలేదు. స్వస్థత కూడికల్లో ప్రార్థించడం విశ్వాసుల హక్కే, అయితే చక్కెర వ్యాధికో మూర్ఛకో క్షయకో వేసుకుంటున్న మందులు మానమని చెప్పడం, నయం కాకపోతే విశ్వాసం చాలలేదని రోగినే తప్పుపట్టడం యోబు స్నేహితుల పాత పొరపాటును మళ్లీ చేయడమే. ప్రార్థన, చికిత్స ఒకే చేతినుంచి వచ్చిన రెండు మేళ్లని వెల్లూరు, డిచ్‌పల్లి ఆసుపత్రులు నూరేళ్లకు పైబడి చూపిస్తూనే ఉన్నాయి.

సాక్ష్యం చెప్పే అలవాటును కూడా జాగ్రత్తగా కాపాడుకోవాలి. సాక్ష్యం అంటే దేవుడు తన జీవితంలో చేసిన మేలును విశ్వాసి నలుగురిలో చెప్పుకోవడం. అది ఎవరికి వారు, తమకు మాట వచ్చినప్పుడు చెప్పవలసినది. గాయం పచ్చిగా ఉన్నవారిని వేదిక ఎక్కించి దీనివల్ల ఏం నేర్చుకున్నారని అడగడం, లేని అర్థాన్ని వారి నోట పలికించడం అవుతుంది. ఏళ్ల తరువాత వారే ముందుకు వచ్చి, ఆ కష్టంలో దేవుడు తమను విడిచిపెట్టలేదని చెబితే, ఆ మాటకు ఉండే బలం మరే ప్రసంగానికీ ఉండదు. తమకు కలిగిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలుగుతారని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అన్నది ఇటువంటివారిని గురించే.

ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చివరి రోజును వర్ణిస్తూ, దేవుడు మనుషుల కన్నీటిని తుడిచివేస్తాడని, మరణమూ ఏడుపూ వేదనా ఇక ఉండవని చెబుతుంది. బాధ పవిత్రమైనదే అయితే దాన్ని దేవుడు అంతం చేయవలసిన పని ఉండదు. అందువల్ల క్రైస్తవ విశ్వాసం ప్రకారం బాధ శత్రువే, అయితే చివరి మాట దానిది కాదు. ఆ రోజు వచ్చేదాకా విశ్వాసుల ముందున్న పని స్పష్టంగా ఉంది. తగ్గించగల నొప్పిని తగ్గించాలి, మనుషులు కలిగించే బాధను ఎదిరించాలి, తొలగని బాధలో ఉన్నవారి పక్కన నింద మోపకుండా నిలవాలి, వారు తమ బాధకు అర్థం కనుగొన్న రోజున దాన్ని వారి నోటనే వినాలి. ఆ అర్థం వారికి ఇంకా దొరకకపోయినా సంఘంలో వారి చోటు ఏమాత్రం తగ్గకూడదు. సిలువ మీద యేసు అడిగిన ప్రశ్నను రెండువేల ఏళ్లుగా ఆరాధనలో చదువుకుంటున్న సంఘానికి, అదే ప్రశ్న అడిగే మనిషిని చేర్చుకోవడం కష్టం కాకూడదు.